పరాయి దేశంలో పక్క గది మిత్రుడు

విదేశాల్లో చదువు అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేవి ఫీజు, వీసా, విమానం టిక్కెట్టు, బ్యాంకు లోను. అక్కడ మనకు తోడెవరు అన్న ప్రశ్న అన్నిటికంటే చివర వస్తుంది. విమానం దిగిన మర్నాటి నుంచి మాత్రం అదే మొదటి ప్రశ్న అవుతుంది.

ఒకప్పుడు సంక్షేమ హాస్టల్ విద్యార్థికి జిల్లా కేంద్రంలో డిగ్రీ సీటు రావడమే గొప్ప సంగతి. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్, తెలంగాణలోని అంబేద్కర్ ఓవర్సీస్ విద్యా నిధి వంటి పథకాల సాయంతోనూ, అప్పు చేసైనా చదివిద్దామనుకునే తల్లిదండ్రుల ధైర్యంతోనూ మన హాస్టళ్ల పిల్లలు అమెరికా, ఇంగ్లండు, జర్మనీ, ఆస్ట్రేలియా దాకా వెళుతున్నారు. ఏ పత్రం ఎక్కడ సంతకం చేయించాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. అక్కడి హాస్టల్లో మనుషులతో ఎలా కలవాలో చెప్పేవారు తక్కువ. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో పూర్వ విద్యార్థులం ఆ సంగతి రాయాలనుకున్నాం.

మేము చెప్పదలచినది క్లుప్తంగా ఇది. పరాయి దేశపు హాస్టల్లో మంచి స్నేహితుడో, స్నేహితురాలో చాలాసార్లు పక్క గదిలోనే ఉంటారు. వాళ్లది మన భాష కాకపోవచ్చు, మన మతం కాకపోవచ్చు, మన దేశమే కాకపోవచ్చు. ఆ స్నేహం ఎలా పుడుతుందో, ఎందుకు నిలుస్తుందో తెలుసుకుంటే దాన్ని చేజార్చుకోకుండా ఉండవచ్చు.

మూడు వారాల మౌనం

1909లో న్యూయార్క్ నగరంలో హ్యారీ ఎడ్మండ్స్ అనే ఆయన కొలంబియా విశ్వవిద్యాలయం లైబ్రరీ మెట్ల మీద ఎదురైన ఒక చైనా విద్యార్థిని యథాలాపంగా పలకరించి ముందుకు వెళ్లిపోబోయారు. ఆ విద్యార్థి ఆగి ఆయనకు కృతజ్ఞతలు చెప్పాడు. తాను న్యూయార్క్ వచ్చి మూడు వారాలైందనీ, తనతో మాట్లాడిన మొదటి మనిషి ఆయనేననీ అన్నాడు. ఆ మాట ఎడ్మండ్స్‌ను నిద్రపోనివ్వలేదు. ఆయనా, ఆయన భార్యా కలిసి విదేశీ విద్యార్థులను ఆదివారం భోజనాలకు పిలవడం మొదలుపెట్టారు. ఆ ప్రయత్నమే పెరిగి పెద్దదై, జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఇచ్చిన విరాళంతో 1924లో న్యూయార్క్‌లో ఇంటర్నేషనల్ హౌస్ అనే పెద్ద విద్యార్థి వసతి గృహంగా నిలిచింది. అన్ని దేశాల విద్యార్థులూ ఒకే కప్పు కింద ఉండాలన్నది దాని ఉద్దేశం.

ఆ తరువాత 1930లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో, 1932లో షికాగోలో అలాంటివే వెలిశాయి. బర్కిలీలో తెల్లవారు, నల్లవారు, ఆసియావారు ఒకే హాస్టల్లో ఉండటమేమిటని స్థానికులు గట్టిగా అడ్డుపడ్డారు. అయినా హాస్టల్ తెరుచుకుంది. ఎవరు ఎవరితో కలిసి ఉండవచ్చు, ఎవరు ఎవరి పక్కన కూర్చుని తినవచ్చు అన్న పేచీ మన దేశంలోనే కాదు, అక్కడా ఉండేదని దీనివల్ల తెలుస్తుంది.

ఆ చైనా విద్యార్థి చుట్టూ లక్షల జనం ఉన్నారు. రోజూ వందలమంది ఎదురయ్యేవారు. ఎదురుపడటం వేరు, పలకరించుకోవడం వేరు. మొదటి పలకరింపుకు ఎవరో ఒకరు పూనుకోవాలి. మనం పూనుకుంటే మన మూడు వారాలు మూడు రోజులవుతాయి.

గుమ్మాల మధ్య దూరం

స్నేహాలు అభిరుచులు కలిస్తేనే పుడతాయని మనం అనుకుంటాం. అంతకంటే ముందు పనిచేసేది గుమ్మాల మధ్య దూరం. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పెళ్లైన విద్యార్థుల ఇళ్ల సముదాయంలో ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ సంగతి పరిశీలించి 1950లో పుస్తకంగా ప్రచురించారు. అక్కడికి వచ్చినవారికి ముందు పరిచయాలు లేవు. ఎవరికి ఏ ఇల్లు వస్తుందో వారి ఇష్టం మీద ఆధారపడలేదు. కొంతకాలం తర్వాత మీ స్నేహితులెవరని అడిగితే, ఒకే అంతస్తులో పక్క గుమ్మంవారిని స్నేహితులుగా చెప్పిన సందర్భాలు 41 శాతం. ఒక ఇల్లు దాటి అవతలివారి విషయంలో అది 22 శాతం. అదే వరసలో ఆ చివర ఉన్నవారి విషయంలో 10 శాతమే. మెట్ల దగ్గర, ఉత్తరాల పెట్టెల దగ్గర ఉన్న ఇళ్లవారికి పై అంతస్తువారితో కూడా స్నేహాలు ఎక్కువ. ఎందుకంటే అందరూ ఆ దారినే రావాలి, పోవాలి.

ఇది మనకు కొత్త కాదు. మన హాస్టల్లో ట్రంకు పెట్టె పక్కన ట్రంకు పెట్టె పెట్టుకున్నవాడే కదా ఇప్పటికీ ఫోన్ చేసేవాడు! బోరింగు దగ్గర బకెట్ల వరసలో, స్టడీ అవర్లో, కంచం గ్లాసు పట్టుకుని నిలబడ్డ లైనులో రోజూ చూసిన ముఖమే కాలక్రమంలో స్నేహమైంది. ఎవరూ ఎంచుకుని చేసుకున్నది కాదు.

విదేశీ హాస్టల్లో బోరింగు ఉండదు, కామాటీ ఉండడు, వంటమనిషి ఉండడు. వాటి స్థానంలో ఉమ్మడి వంటగది, బట్టలు ఉతికే యంత్రాల గది, అందరూ ఎక్కే లిఫ్టు ఉంటాయి. తలుపు వేసుకుని గదిలోనే ఉండి, ఎవరూ లేని వేళ చూసుకుని వంట చేసుకుని, కంచం గదిలోకి తెచ్చుకుని తినేవారికి ఈ చోట్లు పనికిరావు. మన పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు తప్పు వస్తుందన్న భయంతో సరిగ్గా ఇదే చేస్తారు. వంటగదిలో కూర్చుని తిన్న రోజు నుంచే పేర్లు తెలుస్తాయి.

పోపు పెడితే అలారం

వంటగది స్నేహాలకు ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ మాటలు వెతుక్కోనక్కరలేదు, పనే మాట్లాడిస్తుంది. పోపులో ఎండుమిరపకాయలు మాడి పొగ లేస్తే ఫైర్ అలారం మోగుతుంది. కొన్నిచోట్ల భవనం మొత్తం ఖాళీ చేసి రోడ్డు మీద నిలబడాలి. కిటికీ తెరిచి, పొగ పీల్చే ఫ్యాను వేసి, నూనె మరీ కాగకుండా పోపు పెట్టుకోవడం త్వరలోనే నేర్చుకుంటాం. నేర్పేది సాధారణంగా ఆ వంటగదిలో మనకంటే ముందు అలారం మోగించిన నైజీరియా విద్యార్థో, బంగ్లాదేశ్ విద్యార్థో అయి ఉంటారు.

నైజీరియా, ఘనా దేశాలవారు జాలఫ్ రైస్ అని టమాటా, ఉల్లిపాయ, మిరపకాయ వేసి అన్నం వండుతారు. ఎవరిది అసలైనదని ఆ రెండు దేశాలవారు, మనవాళ్లు బిర్యానీ గురించి వాదించుకున్నట్టే వాదించుకుంటారు. ఇథియోపియావారి ఇంజెరా పులిసిన పిండితో పెనం మీద పోసే పెద్ద అట్టు. దాన్ని చేత్తో తుంచుకుని, కూరలు అద్దుకుని, అందరూ ఒకే పళ్లెంలోంచి తింటారు. చేత్తో తింటే ఏమనుకుంటారోనని సిగ్గుపడే మన తమ్ముడికి, చెల్లికి ఆ బల్ల దగ్గర చోటు దొరుకుతుంది. పాకిస్తాన్ విద్యార్థులతో మన హైదరాబాద్, కర్నూలు ప్రాంతాల పిల్లలకు వచ్చే ఉర్దూ, హిందీ సరిపోతుంది. సరిహద్దుకు అటూ ఇటూ ఉంటే ఎన్నటికీ కలవలేని ఇద్దరు మూడో దేశపు వంటగదిలో ఒకే కుక్కర్ దగ్గర నిలబడి మాట్లాడుకోగలరు.

అక్కడి మర్యాదలు కూడా ముందే తెలిసి ఉండాలి. ఫ్రిజ్‌లో ఎవరి అర వారిదే. అడగకుండా మరొకరి పాలు వాడటం తప్పు. వండినవారే గిన్నెలు కడిగి, పొయ్యి తుడిచి వెళ్లాలి. జర్మనీలో రాత్రి 10 దాటితే చప్పుడు చేయకూడదన్న నియమాన్ని గట్టిగా పాటిస్తారు. హలాల్ తినేవారి గిన్నెలో మరో మాంసం వండకూడదు. ఇవి చిన్న విషయాలే. స్నేహాలు చెడేది కూడా చాలాసార్లు వీటి దగ్గరే.

దుప్పటి కథ

1914లో ఇంగ్లండు వెళ్లిన గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీ గదుల్లో ఉన్నారు. పక్కనే కింగ్స్ కాలేజీలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ చదువుకుంటున్నారు. ఒకరు కుంభకోణంలో పెరిగిన తమిళుడు, మరొకరు కలకత్తా బెంగాలీ. చలి రోజుల్లో ఒకసారి, రాత్రిళ్లు వెచ్చగా ఉంటున్నదా అని మహలనోబిస్ అడిగారు. ఓవర్‌కోటు వేసుకుని శాలువా కప్పుకున్నా చలి ఆగడంలేదని రామానుజన్ చెప్పారు. మహలనోబిస్ పడక గదిలోకి వెళ్లి చూస్తే మంచం మీద రగ్గులు చాలానే ఉన్నాయి. అవి పరుపు అంచుల కింద బిగించి ఉన్నాయి, పైన ఒక దుప్పటి పరచి ఉంది. వాటిని తీసి లోపలికి దూరి పడుకోవాలని రామానుజన్‌కు ఎవరూ చెప్పలేదు. ఎలా పడుకోవాలో మహలనోబిస్ చూపించారు. తరువాతి కాలంలో భారత గణాంక శాస్త్ర సంస్థను స్థాపించిన మహలనోబిసే ఈ సంగతిని గుర్తు చేసుకున్నారు.

రామానుజన్ అంతటివారికి కూడా మంచం ఎలా వాడాలో ఒకరు చెప్పాల్సి వచ్చిందంటే, మనకు యంత్రంలో బట్టలు ఎలా ఉతకాలో, హీటర్ ఎలా తిప్పాలో తెలియకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. అడిగితే అవతలివారు చెబుతారు. చెప్పినవారికి మనం గుర్తుంటాం. సాయం అడగడమంటే చిన్నతనమని అనుకునే చోట స్నేహం మొదలుకాదు.

లివింగ్‌స్టన్ హాల్ గది

పరాయి దేశపు హాస్టల్ స్నేహాల్లో మనకు అన్నిటికంటే దగ్గరిది బాబాసాహెబ్ అంబేద్కర్ గారిది. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన నెలకు 11.50 పౌండ్ల స్కాలర్‌షిప్‌తో ఆయన 1913లో న్యూయార్క్ చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు. ముందు హార్ట్‌లీ హాల్ అనే హాస్టల్లో దిగారు. అక్కడి తిండి పడక, కొందరు భారతీయ విద్యార్థులుండే కాస్మోపాలిటన్ క్లబ్‌కు మారారు. చివరకు లివింగ్‌స్టన్ హాల్ అనే హాస్టల్లో నవల్ భతేనా అనే పార్సీ యువకుడితో కలిసి ఉన్నారు. ఆ భవనాన్ని ఇప్పుడు వాలాక్ హాల్ అంటున్నారు.

ఒకరు మహర్ కులంలో సైనికోద్యోగి ఇంట పుట్టినవారు. మరొకరు పార్సీ. బొంబాయిలోనే ఉండి ఉంటే ఈ ఇద్దరూ ఒకే కప్పు కింద పడుకుని, ఒకే చోట తినే అవకాశం ఎంతవరకు ఉండేదో మనం ఊహించుకోవచ్చు. న్యూయార్క్ హాస్టల్ ఆ ఇద్దరినీ కలిపింది.

ఆ స్నేహం విలువ తెలియాలంటే తరువాత జరిగింది చూడాలి. 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసి అంబేద్కర్ స్వదేశానికి వచ్చి, ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. ఊళ్లో ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. చివరకు ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించి దిగారు. ఆ సత్రంలో మరెవరూ ఉండేవారు కాదు. ఉండటానికి గది ఉంది, పక్క గదిలో మాట్లాడే మనిషి లేడు. పదకొండో రోజు పొద్దున ఆఫీసుకు బయలుదేరబోతుండగా డజను మంది పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఆ ఊళ్లో తెలిసిన ఇద్దరిని, ఒక హిందువును, ఒక క్రైస్తవుణ్ణి, ఆశ్రయం అడిగారు. ఇద్దరూ ఏదో సాకు చెప్పారు. ఒక తోటలో గంటల తరబడి కూర్చుని ఆ రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు. ఈ సంఘటనను ఆయనే స్వయంగా రాశారు. విదేశాల్లో గడిపిన ఏళ్లలో తాను అంటరానివాడినన్న స్పృహే తన మనసులోంచి చెరిగిపోయిందని కూడా అందులోనే చెప్పుకున్నారు.

1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరినప్పుడు కూడా, అధ్యాపకుల గదిలోని నీళ్ల కుండ ముట్టుకోవడానికి వీల్లేదని తోటి అధ్యాపకులు కొందరు అభ్యంతరం చెప్పారు. అటువంటి రోజుల్లో ఆగిపోయిన లండన్ చదువు పూర్తి చేయాలని ఆయన పూనుకున్నారు. జీతంలో మిగుల్చుకున్న డబ్బుకు కొల్హాపూర్ ఛత్రపతి షాహూ మహారాజు సాయం తోడైంది. నవల్ భతేనా 5,000 రూపాయలు అప్పుగా ఇచ్చారు. 1920లో ఆ డబ్బు చిన్నది కాదు. 1923లో బారిస్టరై తిరిగి వచ్చాక, ప్రాక్టీసు మొదలుపెట్టడానికి కావలసిన సనదు రుసుముకు డబ్బులేకపోతే మళ్లీ ఆదుకున్నదీ భతేనాయే. వారి స్నేహం జీవితాంతం నిలిచింది.

పార్సీలే కర్రలతో వెళ్లగొట్టారు, పార్సీయే అప్పు ఇచ్చి లండన్ పంపాడు. మతం ఒకటే, మనుషులు చేసిన పని వేరు. కర్రలతో వచ్చినవారు అంబేద్కర్‌తో ఒక్క పూట కలిసి కూర్చున్నవారు కాదు. వారికి ఆయన కులం ఒక్కటే తెలుసు. భతేనాకు మనిషి తెలుసు. ఆయన ఏ వేళ నిద్ర లేస్తారో, ఏ పుస్తకం చదువుతారో, జేబులో ఎంత మిగిలిందో దగ్గరుండి చూసిన మిత్రుడు ఆయన. హాస్టల్ చేసే గొప్ప పని ఇదే. కలిసి బతికితే తప్ప తెలియని సంగతుల్ని అది తెలియజేస్తుంది.

తన జీవితంలో దొరికిన మంచి మిత్రుల్లో కొలంబియా సహవిద్యార్థులు, అక్కడి ప్రొఫెసర్లు ఉన్నారని అంబేద్కర్ 1930లో ఒక అమెరికన్ పత్రికకు చెప్పారు. 1924లో ఆయన స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ 1925లో షోలాపూర్‌లో దళిత విద్యార్థుల కోసం ఒక హాస్టల్ తెరిచింది. ఉండటానికి చోటు, కలిసి చదువుకోవడానికి తోడు లేకుండా మన పిల్లల చదువు ముందుకు సాగదని ఆయనకు అనుభవంతో తెలుసు.

ఇంటిపేరు అడిగేవారు

ఇప్పుడు ఒక ఇబ్బందికరమైన విషయం కూడా చెప్పుకోవాలి. పరాయి దేశంలో మొదట ఆదుకునేది చాలాసార్లు తెలుగువాళ్లే. విమానాశ్రయానికి కారు తెస్తారు, గది దొరికేదాకా వారం రోజులు పడుకోనిస్తారు, పచ్చడి సీసా ఇస్తారు. ఆ మేలు మరవకూడదు. కానీ ఆ వలయంలోనే కొన్నిచోట్ల “ఇంటిపేరేంటి?”, “మీ ఊళ్లో మీరే వీధి?” అన్న ప్రశ్నలు కూడా వస్తాయి. జవాబు విన్నాక కొందరి పిలుపులు తగ్గిపోతాయి. అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో కుల వివక్షను నిషేధిస్తూ తన నియమాల్లో చేర్చిందన్నా, సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో అలాంటి చట్టం చేసిన మొదటి అమెరికన్ నగరమైందన్నా, కులం సముద్రం దాటిందనే అర్థం.

అందువల్ల మనవాళ్ల వలయం ఒక్కదాన్నే నమ్ముకుని ఉండటం మంచిది కాదు. అది తెగిన రోజున ఒంటరి అవుతాం. మన ఇంటిపేరుకు అర్థం తెలియని మిత్రుడు మనల్ని మన మాటతో, పనితో కొలుస్తాడు. అలాగే, మనం ఏ హాస్టల్లో చదివామో, ఎందుకు చదివామో కొన్నాళ్లకు అతనికి చెప్పగలిగితే స్నేహం మరింత గట్టిపడుతుంది. వర్ణ వివక్ష చూసిన కుటుంబం నుంచి వచ్చిన మిత్రుడికి మన కథ అర్థం కావడానికి పెద్దగా వివరించనక్కరలేదు.

మొదటి నెలలో చేయదగినవి

చేరిన రోజే అటు ఇటు గదులవారి తలుపు తట్టి పేరు చెప్పండి. వాళ్ల పేరు సరిగ్గా పలకడం నేర్చుకోండి. మన పేరు కూడా నెమ్మదిగా రెండుసార్లు చెప్పండి. కుదించి మార్చేసుకోనక్కరలేదు.

వారానికి కనీసం రెండు పూటలు ఉమ్మడి వంటగదిలోనే కూర్చుని తినండి. ఫోన్ పక్కన పెట్టండి.

ఏదో ఒకటి అడగండి, ఏదో ఒకటి ఇవ్వండి. ఉప్పు అడిగినవారికి పప్పుచారు రుచి చూపించవచ్చు. కారం ఎంత వేశారో ముందే చెప్పండి!

మద్యం తాగనివారు తాగనని చెబితే చాలు, కారణాలు చెప్పనక్కరలేదు. దానివల్ల పోయే స్నేహం ఎలాగూ నిలిచేది కాదు. డబ్బు విషయంలో మాత్రం తొందరపడకండి. భతేనా అప్పు ఏళ్ల పరిచయం తర్వాత ఇచ్చినదని గుర్తుంచుకోండి.

పక్కవారందరూ స్నేహితులు కారు. కొందరు పలకరింపుకు జవాబివ్వరు. అది మన లోపమని అనుకుని మళ్లీ తలుపు మూసుకోకండి. మూడో గది, నాలుగో గది కూడా ఉన్నాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇరవైమంది పడుకునే హాలులో చాప పక్కన చాప వేసుకుని, ఒకరి చిమ్నీ వెలుగులో ఇంకొకరం చదివి, ఒక సబ్బును నలుగురం వాడుకుని పెరిగినవాళ్లం మనం. సొంత గది ఉన్న ఇళ్లనుంచి వచ్చినవారికి విదేశీ హాస్టల్లో కలిసి ఉండటం కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య. మనకది అయిదో తరగతి నుంచే వచ్చు. ఇంగ్లీషు నెమ్మదిగా వస్తుంది, మార్కులు కష్టపడితే వస్తాయి. సర్దుకోవడం, పంచుకోవడం, జ్వరం వచ్చినవాడి పక్కన రాత్రంతా కూర్చోవడం మాత్రం మీ ట్రంకు పెట్టెలో ఇప్పటికే ఉన్నాయి. వెళ్లేటప్పుడు వాటిని ఇక్కడ వదిలేసి వెళ్లకండి. మీ పక్క గదిలో కూడా ఎవరో ఒకరు మూడు వారాలుగా ఎవరి పలకరింపూ లేక ఎదురుచూస్తూ ఉండవచ్చు.